గుప్పెడు తవుడు

మాదాపూర్ పాత ఊరి సందులోకి మలుపు తిరగ్గానే తడిసిన తవుడు వాసన ముక్కుకు తగిలింది. ఎవరో అప్పుడే కుడితి తొట్టిలో తవుడు కలిపినట్టున్నారు. సందుకు ఒక చివర కాఫీ దుకాణం, ఇంకో చివర అద్దాల మేడలు. మధ్యలో మాత్రం రెండు గేదెలు ఈ లోకంతో తమకేమీ పని లేనట్టు నెమరు వేస్తున్నాయి. తియ్యగా, కొంచెం పులిసినట్టుండే ఆ వాసన ఇంకెవరికైనా గేదెల్నో పాలనో గుర్తు చేస్తుంది. నాకు మాత్రం అరచేతుల్లో చెమట పడుతుంది. పక్కన నడుస్తున్న నా కూతురి మణికట్టు తెలియకుండానే గట్టిగా పట్టుకున్నట్టున్నాను, "అమ్మా, నొప్పి" అంది. దానికి పదమూడో ఏడు నడుస్తోంది. రెండో చేతిలో రాఖీ పళ్లెం ఉంది. ఏటా ఈ రోజున మణికొండలోని మా ఇంటినుంచి ఇక్కడికి వస్తాం. ఏటా ఇదే మలుపు దగ్గర నేను దాని చెయ్యి పట్టుకుంటాను, అది నొప్పి అంటుంది.

ఈ సందులో మూడో ఇల్లు పెంటమ్మది. మేము కిరాయికున్న ఇల్లు. ఆమె పోయి పదేళ్లు దాటింది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. పొట్టి మనిషి, చేతికి వెండి కడియాలు, నోట్లో ఎప్పుడూ ఒక వక్కముక్క. నాకు చదువు చెప్పినవాళ్లున్నారు, ఉద్యోగం నేర్పినవాళ్లున్నారు. భయంతో కాపురం చేయడం ఎలాగో నేర్పింది మాత్రం ఆమే.

భయం నాకు వృత్తి కూడా. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకోవడం నా పని. ఏది ఎక్కడ ఎలా చెడిపోగలదో అందరికన్నా ముందు ఊహించినందుకే నాకు జీతం ఇస్తారు. పెళ్లయిన ఏడాదికి నేను, మా ఆయన శ్రీధర్ హైటెక్ సిటీ ఆఫీసుకు నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లు వెతుక్కుంటూ ఈ సందులోకి వచ్చాం. మాది బొబ్బిలి దగ్గర పల్లె, ఆయనది గుడివాడ. అరుగు మీద కూచుని సొరకాయ తరుగుతున్న పెద్దావిడ మమ్మల్ని పైనుంచి కిందికి ఒకసారి చూసింది.

"నీ పేరేంది బిడ్డా?"

"సునీతండి."

"అంటె అర్థమేంది?"

"మంచి నడవడి కలది అనండి."

"ఊఁ. నా పేరు పెంటమ్మ. అర్థం జెప్పాల్నా?"

శ్రీధర్ పెదవి కొరుక్కున్నాడు. ఆమె అతణ్ని చూసి తనే ముందు నవ్వేసింది. "నవ్వొస్తె నవ్వు కొడుకా. గా పేరు లేకుంటె నేను గిట్ల కూసోని నీకు ఇల్లిచ్చేదాన్నే గాదు." తరవాత షరతులు చెప్పింది. నీళ్లు వృథా చెయ్యొద్దు. మెట్ల మీద చెప్పులు విడవద్దు. "గోడకు మేకు గొట్టాల్నంటె నన్నడుగు. నా ఇల్లు నొస్తది." రెండో అంతస్తు మాకిచ్చింది. కింద ఆమె, కొడుకు యాదగిరి, కోడలు. ఊళ్లో అందరూ ఆమెను అవ్వ అనేవాళ్లు, మేమూ అలాగే పిలిచాం.

ఆ పేరు కథ ఇంకో రోజు తనే చెప్పింది. ఆమె కంటే ముందు వాళ్ల అమ్మకు ముగ్గురు పుట్టి ముగ్గురూ పోయారట. నాలుగోసారి ఈమె పుట్టగానే తల్లి గుడ్డలో చుట్టి తీసుకుపోయి ఇంటి వెనక పెంటకుప్ప మీద పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసింది. ముందే అనుకున్న ప్రకారం పక్కింటామె వెళ్లి ఎత్తుకొచ్చి, "ఎవలిదో పొల్ల పెంట మీద దొరికింది, సాదుకుంటవా?" అని అడిగిందట. తల్లి, సరే ఇయ్యి, అందట, ఎవరి బిడ్డనో తీసుకున్నట్టు.

"ఎందుకవ్వా అలా?" అన్నాను.

"పెంట మీద పారేసినదాన్ని ఎవలన్న నాకు గావాలె అంటరా? సావు గూడ అనదు." ఇంత చెప్పి చేత్తో ఎదురుగా చూపించింది. మిద్దెల మీదుగా మా ఆఫీసు కనిపిస్తోంది. "గా పెంట ఎక్కడున్నదనుకున్నవు? మీ ఆఫీసు లిఫ్టు ఉన్నది సూడు, గాడ. మా బాపు జాగనే అదంత."

మర్నాటినుంచి లిఫ్టు ఎక్కినప్పుడల్లా గుడ్డలో చుట్టిన పసికందు నా కాళ్ల దగ్గరే ఉన్నట్టు జాగ్రత్తగా నిలబడేదాన్ని. కానీ ఆ రోజు నేను ఆమెకు చెప్పని మాట ఒకటుంది. మా నాన్నమ్మ పేరు తవిటమ్మ. ఆమెకు ముందు నలుగురు పోయారు. పుట్టగానే ఆమెను చాటలో వేసి, గుప్పెడు తవుడుకు పొరుగావిడకు అమ్మేశారు. అందుకే ఆ పేరు. మా వైపు అది మామూలే. కానీ పట్నంలో చదువుకునేటప్పుడు స్నేహితురాళ్లు నవ్వుతారని, మా నాన్నమ్మ పేరు తులసమ్మ అని చెప్పుకున్నాను. కట్టుకున్నవాడికీ అదే చెప్పాను. అవ్వ తన పేరును కడియంలా అందరికీ కనిపించేలా తొడుక్కుని తిరిగేది. నేను మా నాన్నమ్మ పేరును మూటగట్టి అటక మీద పడేశాను.

మొదటిసారి నెల తప్పినప్పుడు శ్రీధర్ ఎక్సెల్‌లో ఒక పట్టిక తయారు చేశాడు. పేరు, అర్థం, ఏ భాషనుంచి వచ్చింది, ఎన్ని అక్షరాలు, ఏ నక్షత్రానికి సరిపోతుంది. చివరి గడిలో 'క్లయింట్లు పలకగలరా' అని ఉండేది. రోజూ భోజనం దగ్గర రెండు పేర్లు కొట్టేసి ఒకటి చేర్చేవాళ్లం. ఐదో నెలకు 'ఆద్య' ఖాయమైంది. మొదటిది అని అర్థం. ఆడపిల్లేనని మా ఇద్దరికీ ఎందుకో గట్టి నమ్మకం. ఆ పేరు తరవాత ఎవరైనా తీసేసుకుంటారని శ్రీధర్ ఆ పేరుతో ఈమెయిల్ కూడా తెరిచేశాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మా అమ్మ ఫోనులో నవ్వింది. చూలు ఉందిగా అమ్మా, అని నేనూ నవ్వాను. పొట్ట మీద చెయ్యి వేసి పేరు పెట్టి పిలిచేదాన్ని. ఏడో నెలలో ఒక మధ్యాహ్నం మీటింగులో ఉండగా కదలిక ఆగిపోయింది. ఆడపిల్లే. ఈమెయిల్ పెట్టె మాత్రం అలాగే ఉంది. దానికి ఇప్పటికీ చీరల దుకాణాల ప్రకటనలు వస్తాయి.

రెండోసారి ఈమెయిల్ తెరవలేదు కానీ పేరు అనుకున్నాం, అందరికీ చెప్పాం. ఐదో నెల దాటలేదు. ఆస్పత్రినుంచి వచ్చిన నాలుగో రోజు అవ్వ జొన్న గటుక గిన్నెతో మెట్లెక్కి పైకొచ్చింది. తన మోకాళ్ల నొప్పులతో పైకి రావడం అదే మొదలు. ఓదార్పు మాటలేవీ అనలేదు. నేను తినేదాకా కూచుని, గిన్నె తీసుకుంటూ అడిగింది.

"పేరు వెట్టిన్రా?"

"పెట్టామవ్వా. రెండుసార్లూ."

"నాకు గూడ ఒక పొల్ల ఉండె. సరోజ. మా బడి సారు జెప్పిండు ఆ పేరు, తామరపువ్వని. నా పేరు అట్లాయె, దాని పేరన్న మంచిగుండాల్నని వాడకట్టంత ఇనేటట్టు పిలిసిన. మూడేండ్లు నిండలే." వక్కముక్క ఒక బుగ్గనుంచి ఇంకో బుగ్గకు మార్చింది. "పేరు వెట్టి పిలిస్తె పిల్లలొక్కలే ఇంటరా బిడ్డా? చెవులు శానమందికి ఉంటయి."

నేను కంప్యూటర్ చదువు చదువుకున్నదాన్ని. ఇది మూఢనమ్మకమని నాకు తెలుసు. ఒంట్లో చక్కెర ఎక్కువైనందువల్ల జరిగిందని డాక్టరు కాగితం మీద రాసిచ్చింది కూడా. కానీ ఆ సాయంత్రం ఆ పట్టిక తీసేయమని శ్రీధర్‌తో చెప్పాను. తీసేశానన్నాడు.

మూడోసారి నెల తప్పేసరికి బయట లోకమంతా మారిపోయింది. తెలంగాణ ఉద్యమం రోడ్ల మీదికి వచ్చేసింది. ఈ రోజు బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి రైళ్లు నడవవు. ఆఫీసు క్యాబులకు బోర్డులు తీసేశారు. నేను ఆటో ఎక్కితే చోటు పేరు తప్ప ఇంకో మాట అనేదాన్ని కాదు. నోరు తెరిస్తే 'అండీ' వచ్చేస్తుందని భయం. ఎవరూ నన్నేమీ అనలేదు, ఆ మాట నిజం. కానీ అంటారేమోనని రోజంతా ఒళ్లు బిగబట్టుకుని ఉండేదాన్ని, లోపల ఉన్నది ఆ బిగింపుకే జారిపోతుందేమోనని మళ్లీ ఇంకో భయం. అన్నిటికన్నా నాకు యాదగిరిని చూస్తే వణుకు. యాభై ఏళ్ల మనిషి, పెద్ద మీసాలు, ప్రతి సభకూ వెళ్లేవాడు. ఒకసారి గేటు దగ్గర శ్రీధర్‌ను ఆపి, "ఉండుడు ఈడ, ఓటు మాత్రం మీ ఊర్లనే ఏస్తరు గద సారూ?" అన్నాడు. అన్నది అంతే. నేను ఆ తరవాత అతను గేటు దగ్గర ఉంటే కిటికీలోంచి చూసి, వెళ్లాక దిగేదాన్ని.

ఒక రోజు తెగించి అవ్వనే అడిగాను. "తెలంగాణ వస్తే మమ్మల్ని ఖాళీ చేయమంటారా?"

"ఎందుకంట? కిరాయి టైముకు ఇస్తున్నవు, గోడకు మేకులు గొడ్తలెవ్వు." చీపురుపుల్లలు కట్ట కడుతూ తలెత్తి చూసింది. "మా రాజ్యం మాకు గావాలె బిడ్డా, అది ఇడిసేది లేదు. మీ ఆఫీసుకాడ మా జాగ పోయింది, ఆ కోపం నాకున్నది. గని అది నీ మీద గాదు. నువ్వు గూడ కిరాయికే గద ఉన్నవు ఆడ."

ఏడో నెలలో స్కానింగుకు వెళ్లి వస్తుంటే కూడలి దగ్గర కారు ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు, పెద్ద పెద్ద గిన్నెలు. వంటావార్పు. నినాదాలు, డప్పులు, పొగ. శ్రీధర్ అద్దాలు పైకెత్తేశాడు. ఒకాయన వచ్చి అద్దం మీద తట్టాడు. నేను పొట్టకు అడ్డంగా బ్యాగు పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. అంతలో చేతిలో గరిటెతో అవ్వ ప్రత్యక్షమైంది. కారుకు దారి వదలమంటుందనుకున్నాను. అదేమీ లేదు. "దిగుండ్రి, బుక్కెడు తినిపోండ్రి, పొద్దు ఎంతైంది" అని నన్ను రోడ్డు మీదే విస్తరి ముందు కూచోబెట్టింది. పప్పుచారు వేడిగా ఉంది. పక్కన కూచున్న ముసలావిడ నా పొట్ట చూసి ఆప్యాయంగా, "ఎన్నో నెల? పేరు ఏం వెడ్తరు?" అంది.

"దానికి కడుపేడిది?" అని కసిరింది అవ్వ. "గాలి. తిన్నది అరుగుతలేదు."

ఏడో నెల పొట్ట. ఆవిడ దాన్నీ, అవ్వనూ చూసి, ఏమనుకుందో, "అవునవును, గాలే" అని తల ఊపి ఇంకో గరిటె చారు పోసింది. ఆ జనంలో, ఆ డప్పుల మధ్య, నా కడుపులో బిడ్డ లేదని ఇద్దరు ముసలివాళ్లు గట్టిగా అబద్ధమాడుతుంటే నాకు మొదటిసారి కొంచెం ఊపిరాడింది.

ప్రయాణం వద్దని డాక్టరు చెప్పడంతో అమ్మే రావాలని అనుకున్నాం. సమ్మె మొదలై రైళ్లు ఆగిపోయాయి. ఎనిమిదో నెలలో ఒక ఉదయం శ్రీధర్ స్నానానికి వెళ్తే అతని కంప్యూటర్ తెర మీద ఆ పట్టిక కనిపించింది. తీసేయలేదు. పైగా కొత్త గడులు నింపుతున్నాడు. నేను అరిచిన అరుపుకు అతను తడి ఒంటితో పరుగెత్తుకొచ్చాడు.

"తీసేశానన్నావుగా!"

"తీసేశాను. మళ్లీ రాసుకున్నాను." గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "నాకూ భయమే సునీతా. పేరు లేకపోతే అసలు వస్తుందని ఎలా నమ్మను?"

అతని భయం పేరు పెడితే తగ్గుతుంది, నాది పేరు పెడితే పెరుగుతుంది. మూడో రోజు పొద్దున్నే ఉమ్మనీరు పోయింది. బంద్ రోజున నొప్పులొస్తే ఏ దారిలో వెళ్లాలో నేను కాగితం మీద నాలుగు దారులు గీసి పెట్టుకున్నాను. ఒక్కటీ అవసరం కాలేదు. రోడ్లు ఖాళీగా ఉన్నాయి. ఎవరూ ఆపలేదు. నేను భయపడినవి ఏవీ జరగలేదు, ముప్పు భయపడని వైపునుంచి వచ్చింది. నెలన్నర ముందుగా, గుప్పెడంత ఆడపిల్ల. అద్దాల పెట్టెలో పెట్టారు. కాలికి కట్టిన చీటీ మీద 'బేబీ ఆఫ్ సునీత' అని ఉంది. పేరు చెబితే రాసుకుంటామని నర్సు రోజూ అడిగేది. వద్దండి, వద్దండి, అని రోజూ చేతులు జోడించేదాన్ని. పట్టిక చూసినందుకే ముందు పుట్టిందని నా మనసు తీర్పు చెప్పేసింది. దానికి పై కోర్టు లేదు.

పదహారు రోజులకు ఇంటికి పంపారు. రైళ్లు నడిచి అమ్మ కూడా వచ్చింది. ఇరవై ఒకటో రోజు దగ్గరపడుతోంది, బియ్యంలో పేరు రాయాలి, గుడివాడనుంచి అత్తగారు వాళ్లు 'చ' అక్షరంతో పేర్లు పంపారు. నాకు మాత్రం పిల్ల పాలు తాగి నిద్రపోతే చాలు, ముక్కు దగ్గర వేలు పెట్టి చూడటమే పని. ఒక పొద్దున దాన్నెత్తుకుని కిందికి దిగాను.

"అవ్వా, దీన్ని పెంట మీద పెట్టు."

అవ్వ నన్ను తేరిపార చూసింది. "పెంటలేడియి ఇప్పుడు? మీ ఆఫీసు లిఫ్టుకాడికి తీస్కపోతె సెక్యూరిటోడు రానిస్తడా?" నవ్వించాలనే అంది. నేను నవ్వకుండా ఏడ్చేసరికి తనూ ఆపేసింది. లేచి పక్కింటి గేదెల కొట్టంలోకి వెళ్లి వచ్చింది. ఒక చేతిలో చాట, ఇంకో చేతి పిడికిలి బిగించి ఉంది. ఆ వాసన నాకు తెలుసు. "ఇంకో తీరు గూడ ఉన్నది. తౌడుకు కొనుడు," అంది.

"మా నాన్నమ్మ పేరు తవిటమ్మ అవ్వా," అన్నాను. అన్నేళ్లు దాచిన మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో తెలియదు. వెనక మెట్ల మీద అమ్మ, పక్కన శ్రీధర్ ఉన్నారు. తులసమ్మ ఏమైందని శ్రీధర్ అప్పుడూ అడగలేదు, ఆ తరవాతా అడగలేదు.

అవ్వ పిడికిలి అలాగే ఉండిపోయింది. "మీ దిక్కు గూడ గిట్లనే సచ్చిపోయిన్రా పోరగాండ్లు?" అని నెమ్మదిగా అడిగింది. బొబ్బిలి దగ్గర కూడా పసిపిల్లలు చనిపోతారన్న సంగతి అప్పటిదాకా ఆమె ఊహకు రాలేదు కాబోలు. నేను తల ఊపాను.

చాటలో పాత చీర ముక్క పరిచి పిల్లను పడుకోబెట్టి గడప బయట పెట్టింది. "ఇగ చెప్పు. ఈ పొల్ల నాకొద్దు, అను."

మూడుసార్లు పోగొట్టుకుని, కాదు, రెండుసార్లు పోగొట్టుకుని మూడోసారి పోగొట్టుకుంటానని భయపడి చచ్చి తెచ్చుకున్నదాన్ని ఎలా వద్దనను? పిల్ల చాటలో కళ్లు చిట్లించి చూస్తోంది. దానికి వినపడుతుందేమో, నిజమనుకుంటుందేమో. అవ్వ తొందరపెట్టలేదు, గడప ఇవతల నిలబడే ఉంది. చివరికి అన్నాను. "నాకొద్దు." గట్టిగా అనాలంది. "నాకొద్దు." ఇంకోసారి. మూడోసారి అన్నది మాట కాదు, ఏదో మూలుగు. మెట్ల మీద అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అవ్వ నా కొంగు పట్టుకుని అందులో పిడికిలి విప్పింది. గుప్పెడు తవుడు. పిల్లనెత్తుకుని ఇంట్లోకి వెళ్లి తలుపు వేసేసింది.

ఆ తలుపు ఎంతసేపు మూసి ఉందో నాకు తెలియదు. రెండు నిమిషాలేనంటాడు శ్రీధర్. నేను ఆ గడప బయట కొంగులో తవుడుతో ఒక జీవితకాలం నిలబడ్డాను. తలుపు తీసి పిల్లను నా చేతుల్లో పెట్టింది.

"ఇది ఇగ నా బిడ్డ. నీకు కిరాయికిస్తున్న. మూడేండ్లు నిండినాంక గదే గుప్పెడు తౌడు తెచ్చి నాకిచ్చి కొనుక్కపో. అందాక ఇది నీదని అనకు. తిట్టాల్నన్నా కొట్టాల్నన్నా నన్నడుగు."

"పేరు?" అన్నాడు శ్రీధర్, ఆశగా.

"తవిటి. మీ నాయినమ్మ పేరే వెట్టుండ్రి. కాయితం మీద మీకు ఏది ముద్దయితె అది రాసుకోండ్రి. కాయితాలు సదివేటందుకు యమునికి తీరికేడిది?"

కాగితం మీద చైత్ర అని రాశాం. శ్రీధర్ ఒక గడి నింపుకున్నాడు. ఇంట్లో తవిటే. ఆ మూడేళ్లూ నేను దాన్ని మా అమ్మాయి అనలేదు. పార్కులో ఎవరైనా మీ పాపా అని అడిగితే, మా ఓనరుగారి అమ్మాయండి, అనేదాన్ని. వాళ్లు ఓనరుగారి వయసు లెక్క వేసుకునేలోపు అక్కడినుంచి వచ్చేసేదాన్ని. అన్నం తినలేదని గొంతు పెంచితే చాలు, కింది అంతస్తునుంచి కేక వచ్చేది. "ఎవలి బిడ్డను తిడుతున్నవే?" ఒకసారి విసిగిపోయి, ఇంత భయంతో ఎలా పెంచనని అడిగాను. "భయమెందుకు పోవాలె?" అంది అవ్వ. "మందిది మన చేతికిస్తె పైలంగ జూసుకుంటం. మనదే అనుకున్నదాన్ని ఏడవడితె ఆడ వెడ్తం." మంది అంటే పరాయివాళ్లు, పైలం అంటే జాగ్రత్త. ఆ మాట ఆమె నోట్లో తాళంచెవిలా ఉండేది.

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు సందంతా రంగులు, టపాకాయలు. యాదగిరి నా చేతిలో మిఠాయి పెడితే వణక్కుండా తీసుకున్నాను, అదే నాకు గొప్ప. తవిటికి దసరా తరవాత మూడు నిండుతాయి. తవుడు కూడా తెచ్చి డబ్బాలో పెట్టుకున్నాను. వానాకాలంలో ఒక పొద్దున కోడలు పైకి వచ్చి తలుపు కొట్టింది. అవ్వ టీ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూచున్నది కూచున్నట్టే పోయింది.

ఆమె కోసం ఏడవాలి. ఏడుపు రాలేదు. సిగ్గుగా ఉంది చెప్పడానికి, నా మనసులోకి ముందు వచ్చింది ఆమె కాదు. నేను ఇంకా కొనుక్కోలేదు. పిల్ల ఇంకా ఆమెదే. పోయినవాళ్లు తమది తమతో తీసుకుపోతే? సరోజ కూడా మూడు నిండకుండానే పోయింది. పిల్లను గదిలో పెట్టి గడియ వేశాను. కింద ఏడుపులు. ఒక్కొక్కరే వచ్చి ఆమె నోట్లో తులసి నీళ్లు పోస్తున్నారు. అప్పుడు యాదగిరి గొంతు మెట్ల మీదుగా పైకి వచ్చింది. "అవ్వకు బిడ్డ ఉన్నది గద. ఏది? పిలువుండ్రి."

శ్రీధర్ నన్ను చూశాడు. పంపనంటే బేరం తప్పినట్టు, పంపితే అప్పగించినట్టు. గడియ తీశాను. కింద అంతమంది వింటుండగా, ఆ చావు వింటుండగా, పేరు పెట్టి పిలవాల్సింది నేనే. "తవిటీ," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. "తవిటీ, రా." అది నా వేలు పట్టుకుని మెట్లు దిగి, అవ్వ నిద్రపోతోందనుకుని, చెంచాతో చాలా జాగ్రత్తగా, చీర మీద పడకుండా నీళ్లు పోసింది.

మర్నాడు పొద్దున దాని ఒళ్లు కాలిపోతోంది. డాక్టరు మామూలు జ్వరమే అంది. నేను వినలేదు. డబ్బాలోంచి గుప్పెడు తవుడు తీసుకుని, మైల ఇల్లని కూడా చూడకుండా కిందికి పరిగెత్తి యాదగిరి ముందు నిలబడ్డాను.

"అన్నా, అవ్వ అమ్ముతానంది. మూడు నిండాక అంది. ఇప్పుడే అమ్మండి. మీ కాళ్లు పట్టుకుంటాను, అమ్మేయండి."

అతను నా పిడికిలిని చూశాడు. నా ముఖం చూశాడు. నేనెందుకు వచ్చానో అతనికి తెలిసిపోయింది.

"కూసో అక్కా," అన్నాడు. నాకన్నా ఇరవై ఏళ్లు పెద్దవాడు, నన్ను అక్కా అన్నాడు. "అవ్వ పాయె. ఇల్లెవలిది ఇప్పుడు?"

"మీది."

"కిరాయిదార్లు?"

"మీ వాళ్లే."

"మరి పొల్ల? గది గూడ నాకే వచ్చింది గద. ఇగ అవ్వది గాదది, నాది. నా దాన్ని మా అవ్వ ఎట్ల తీస్కపోతది?" మీసాల కింద పెదవి అదిరింది. "చిన్నప్పుడు ఒక చెల్లె పాయె. మళ్ల దొరికింది. చెల్లెను ఎవడన్న అమ్ముకుంటడా?"

అప్పుడు ఏడ్చాను, అవ్వ కోసం. తవుడు నా పిడికిట్లోనే తడిసిపోయింది. మూడో రోజుకు జ్వరం తగ్గింది.

ఈ రోజు కూడా యాదగిరి అరుగు మీదే కూచుని ఉన్నాడు. మీసాలు తెల్లబడ్డాయి. తవిటి రాఖీ కట్టి, తన ఎత్తుకు రెండింతలు గర్వంతో అతనిచ్చిన కొత్త లంగా ఓణీ తీసుకుంది. తిరిగి వస్తుంటే గేదెల తొట్టి దగ్గర ఆగి అడిగింది. దానికి కథంతా తెలుసు, స్నేహితురాళ్లకు తనే చెప్పుకుంటుంది, నాలా కాదు. "నువ్వు నన్ను ఇంకా కొనలేదు కదమ్మా?"

"లేదు."

"మరి నేను ఎవరిని?"

"మీ యాదగిరన్న చెల్లెలివి. నా దగ్గర కిరాయికున్నావు. రోడ్డు దాటేటప్పుడు పైలం."

భయం పోలేదు. బడి బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే ఇప్పటికీ నా అరచేతుల్లో చెమట పడుతుంది. మణికొండలో తొమ్మిదో అంతస్తులో మాదే అయిన ఇల్లు, గోడకు ఎన్ని మేకులు కొట్టినా అడిగేవాళ్లు లేరు. కింది ఇంట్లో ఎవరుంటారో పేరు కూడా తెలియదు. అయినా తవిటి మీద కోపం వచ్చి నోరు తెరిచినప్పుడల్లా ఒక్క క్షణం ఆగుతాను, ఎవలి బిడ్డను తిడుతున్నవే అని కిందినుంచి కేక వస్తుందేమోనని. రాదు. గొంతు తగ్గించుకుంటాను.